రెండు కందిగింజల నడుమ

వరంగల్,
12 నవంబరు 1978

సావిత్రికి,

వయసులో పెద్దదాన్ని కాబట్టి ఆశీర్వాదాలతో మొదలుపెట్టాలి. ఈసారి అవి రాయబుద్ధి కావడం లేదు. నేరుగా సంగతికి వస్తాను.

నేను నా ఇంట్లో లేను. బతుకమ్మ పండుగకని మా నాన్న కాజీపేట రైల్వే క్వార్టర్‌కు వచ్చి నన్ను వెంట తీసుకొచ్చాడు. తొమ్మిది రోజులే కదా అని రెండు చీరలు సంచీలో పెట్టుకొని వచ్చాను. ఇప్పటికి నలభై రోజులు దాటింది, ఆ రెండు చీరలే మార్చి మార్చి కడుతున్నాను. మీ అన్న నన్ను తీసుకెళ్ళడానికి రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ మా నాన్న ఆయన్ని పప్పుల దుకాణం మెట్ల మీదే నిలబెట్టాడు. "పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకుంటమని పందిట్ల మాటనుకున్నం. మా పిల్లను మేమిచ్చినం. మీ పిల్లేది? ఆమె వచ్చిన్నాడు ఈమె వస్తది" అన్నాడు. మీ అన్న సైకిలెక్కి వెళ్ళిపోయాడు. తలుపు వెనక నేనున్నానని తెలిసి కూడా తల తిప్పలేదు.

కుండమార్పిడి అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? మూడేళ్ళ కింద ఒకే పందిట్లో మీ అన్నతో నా పెళ్ళి జరిగింది, మా మల్లికార్జున్ అన్నకు నిన్ను ఖాయం చేశారు. మా అమ్మ నీ ఒళ్ళో చీర పెడితే తల వంచుకొని తీసుకున్నావు. డిగ్రీ అయ్యాక అన్నావు, ఆగాం. ఎమ్మెస్సీ అన్నావు, ఆగాం. ఇప్పుడు పరిశోధన అని బెంగుళూరు వెళ్ళి కూర్చున్నావు. కోట్ల మైళ్ళ అవతల ఏముందో చూస్తావట. ఇక్కడికి పదిమైళ్ళు కూడా లేని కాజీపేటలో నీ అన్న ఒక్కడే వండుకు తింటున్నాడు, అది కనబడదు.

మా అన్నను చేసుకుంటావా, చేసుకోవా? చేసుకోనంటే ఆ మాట నువ్వే వచ్చి మా నాన్న ఎదుట నిలబడి చెప్పు. నీ బదులు నన్ను నిలబెట్టకు.

సరస్వతి


బెంగుళూరు,
2 డిసెంబరు 1978

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. వెంటనే రాస్తే మర్యాద తప్పుతానని ఆగాను. ఇప్పుడు కూడా తప్పనని మాట ఇవ్వలేను.

ఒళ్ళో చీర పెట్టినప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. అమ్మానాన్నలు లేరు. పెంచిన అన్న పక్కన నిలబడి కళ్ళతో సైగ చేస్తుంటే తల వంచక ఏం చేస్తాను? నన్ను ఎవరూ అడగలేదు. మల్లికార్జున్ బావను కూడా ఎవరూ అడిగి ఉండరు. ఆయన మీద నాకు కోపమేమీ లేదు, పెళ్ళి మాత్రం చేసుకోను. ఇదే నా జవాబు. దీన్ని మీ నాన్నకు చదివి వినిపించు. కంది బస్తాల నడుమ నన్ను నిలబెట్టి బజారంతా వినేలా తిట్టించాలని ఉంటే ఆ ముచ్చట తీరదు.

నా పనిని ఎగతాళి చేశావు కాబట్టి అదేమిటో కూడా విను. కోటానుకోట్ల నక్షత్రాలు ఒక గుంపుగా తిరుగుతుంటే దాన్ని గెలాక్సీ అంటారు. అలాంటివి రెండు ఒక్కోసారి ఒకదాని పక్క నుంచి ఒకటి, కొన్నిసార్లు ఒకదానిలోంచి ఒకటి దాటిపోతాయి. అప్పుడేమవుతుందో నేను లెక్క కడుతున్నాను. నక్షత్రాలు గుద్దుకొని పొడైపోతాయని నువ్వు అనుకుంటావు. అలా జరగదు. నక్షత్రాన్ని మీ దుకాణంలో కందిగింజంత అనుకో. ఒక గింజ వరంగల్‌లో ఉంటే దానికి దగ్గరి గింజ హైదరాబాద్‌లో ఉంటుంది. నడుమంతా ఖాళీ. ఇక గింజకు గింజ ఎక్కడ తగులుతుంది? ఒకదాని ఆకర్షణకు ఇంకోటి కొంచెం వంగుతుంది, అంచులు తోకలా సాగుతాయి, ఎవరి దారిన వాళ్ళు పోతారు.

మన రెండు ఇళ్ళ సంగతీ అంతే. దగ్గరికి వచ్చాం, దాటిపోతున్నాం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. నీకు కాళ్ళున్నాయి, కాజీపేట ఒక్క స్టేషను దూరం. రైలెక్కి నీ ఇంటికి వెళ్ళిపోవచ్చు. నా మీద పెట్టి ఎందుకు ఏడుస్తావు?

కంప్యూటర్ గీసిన బొమ్మ ఒకటి విడిగా పంపుతున్నాను, చూస్తే అర్థమవుతుంది. దారిలో పోకుండా రిజిస్టర్ పోస్టులో వేస్తున్నాను.

సావిత్రి


వరంగల్,
20 జనవరి 1979

సావిత్రికి,

నీ బొమ్మ అందింది. అది ఏం చేసిందో చెబుతాను.

మా దుకాణానికి రిజిస్టర్ కవరు వచ్చిందంటే అది వకీలు నోటీసే. ఇన్నేళ్ళలో ఇంకేదీ రాలేదు. పోస్ట్‌మాన్ సంతకం అడిగేసరికి మా నాన్న తూస్తున్న తక్కెడ కింద పెట్టేశాడు. విప్పితే బారెడు కాగితం, రెండు అంచులా చిల్లులు, పైన ఇంగ్లీషు, కింద అంకెలు. నడుమ చుక్కలతో రెండు గుండ్రాలు, ఒకదాని నుంచి ఇంకోదాని దాకా సాగిన చుక్కల గీత. కవరు మీద నీ పేరు చూసి, అన్నాచెల్లెళ్ళు కలిసి కోర్టుకెక్కారని తేల్చుకున్నాడు. కాగితం చంకలో పెట్టుకొని సారంగపాణి వకీలు దగ్గరికి పోయాడు. ఆ మహానుభావుడు అద్దాలు తుడిచి తుడిచి చూసి, "ఇది నక్షా సాంబయ్యా. రెండు జాగలు, నడుమ బాట. ఏదో దావా ఏస్తాండ్రు. మనమే ముందుగాల నోటీసియ్యాలె" అన్నాడట. నేను వంటింట్లో ఉన్నాను. నన్ను ఒక్క మాట అడిగితే ఆకాశం బొమ్మ అని చెప్పేదాన్ని. నాకు తెలిసేసరికి నోటీసు పోస్టులో పడింది.

దాన్ని మీ అన్న లోకో షెడ్డులో, తోటి ఫిట్టర్లు అందరూ చూస్తుండగా అందుకున్నాడు. "ఇగ నేను ఆ మెట్లెక్క. రావాల్ననుకుంటె ఆమెనే వస్తది" అని కబురు పంపాడు. అర్థం కాకపోతే నా చేతికిచ్చి అడుగుతారని అనుకున్నావేమో. ఇక్కడ నన్నెవరూ ఏదీ అడగరని ఈ ఇంట్లో పుట్టిన నాకు తెలుసు, మూడేళ్ళు ఆడబిడ్డగా ఈ గడప తొక్కిన నీకు తెలియదా?

కాళ్ళున్నాయి కదా అన్నావు. తండ్రి మాట దాటి వెళితే ఈ తలుపు నాకు మళ్ళీ తెరుచుకోదు. అక్కడ ఆ తలుపు తెరుచుకుంటుందో లేదో తెలియదు. హాస్టల్ గదిలో కూర్చొని రైలెక్కమనడం తేలికే.

ఇంకో మాట. వరంగల్‌లో ఒక గింజ, హైదరాబాద్‌లో ఒక గింజ, నడుమంతా ఖాళీ అని రాశావు. ఆ రైల్లో నేనూ పోయాను. నడుమ జనగామ ఉంది, భువనగిరి ఉంది. అన్నిటికన్నా ముందు కాజీపేట ఉంది, అందులో నా ఇల్లుంది. నీ ఆకాశంలో నడుమ నిజంగా ఏమీ లేదా, లేక ఉన్నదాన్ని నువ్వు లెక్కపెట్టలేదా?

సరస్వతి


బెంగుళూరు,
5 ఫిబ్రవరి 1979

వదినకు,

బొమ్మకూ నోటీసుకూ తేడా తెలియని మనిషి మీ ఊళ్ళో వకీలు. ఆయన మాట విని కాగితాలు పంపే మనిషి మీ నాన్న. తప్పు మాత్రం నాది. బాగుంది. రిజిస్టర్ చేయకుండా పంపి పోగొట్టుకొని ఉంటే అప్పుడు కూడా నన్నే అనేదానివి.

నడుమ ఏముందని అడిగావు. ఎగతాళికి అడిగినా జవాబు చెబుతాను. వాయువు ఉంది. చాలా పలచగా, నక్షత్రాల నడుమ ఆ ఖాళీ అంతా పరుచుకొని ఉంటుంది. మొత్తం బరువులో అది కొంచెమే. దాన్ని కూడా కలిపితే లెక్క పదింతలు కష్టమవుతుంది. ఇక్కడ కంప్యూటర్ ముందు మాకు దొరికేది వారానికి రెండు గంటలు. అందుకే నా మొదటి నివేదికలో "సౌలభ్యం కోసం వాయువును వదిలేశాం" అని ఒక వాక్యం రాసి ముందుకు పోయాను. అందరూ చేసేది అదే. నువ్వు పెద్ద రహస్యం పట్టుకున్నానని అనుకోవద్దు.

నీ గురించి నేనేమీ పట్టించుకోలేదని అన్నావు కదా. అన్నకు నిన్న ఉత్తరం రాశాను. వదిన చాలా కోపంగా ఉంది, ఇప్పుడు వెళితే మాటా మాటా పెరుగుతుంది, చల్లారేదాకా వెళ్ళకు అని రాశాను. మీ ఇద్దరి మంచికే రాశాను. ఒప్పుకుంటావన్న ఆశ లేదు.

ఇక్కడ చలి తగ్గింది. నా ఆరోగ్యం బాగానే ఉంది, నువ్వు అడగకపోయినా.

సావిత్రి


వరంగల్,
14 జూన్ 1980

సావిత్రికి,

ఏడాదికి పైగా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది నువ్వు తెలుసుకోవాల్సింది ఉందని.

పోయిన నెల మల్లికార్జున్ అన్న పెళ్ళి అయింది. కరీంనగర్ పిల్ల, చక్కగా ఉంది, తెల్లారేసరికి వాకిలి ఊడ్చి కూర్చుంటుంది. అన్న ఫోటోలో పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. అక్కడ నువ్వు హాయిగా ఉన్నావు, ఇక్కడ ఆయన హాయిగా ఉన్నాడు. ఎవరి కోసమైతే ఇదంతా మొదలైందో ఆ ఇద్దరి ఒంటి మీద గీత కూడా పడలేదు. నీ లెక్క బాగానే కుదిరింది.

పెళ్ళైన మూడోరోజు నాన్నను అడిగాను, ఇప్పుడైనా నన్ను పంపుతావా అని. "నోటీసిస్తె జవాబియ్యలే. చెప్పకుంట బదిలీ చేయించుకొని పోయిండు. అల్లుడు వచ్చి అడిగితె తోలిస్త. నాయంతల నేను తోలియ్య" అన్నాడు. మీ అన్న బెల్లంపల్లి వెళ్ళిపోయాడని నాకు తెలిసింది అప్పుడే. క్వార్టర్ ఖాళీ చేశాడు. నా పెట్టె, నా కుట్టుమిషను ఎక్కడున్నాయో కూడా అప్పటికి తెలియదు.

వారం కింద సమ్మమ్మ పప్పు కొనడానికి దుకాణానికి వచ్చింది. కాజీపేటలో మా పక్క క్వార్టర్ ఆమె, నీకు గుర్తుండాలి, నీకు జ్వరం వస్తే జావ కాచి ఇచ్చింది. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తాను. "నోటీసు కోపం నెల తిరగకముందే దిగిపాయె బిడ్డా. ఐతారం నాడు ఇస్త్రీ అంగీ తొడుక్కొని, అక్కా జర నువ్వు గూడ తోడు రా, ఆడామె ఉంటె మామ ఊకుంటడు, సరస్వతిని తోల్కొస్త అన్నడు. నేను చీర మార్చుకొని బయటికొచ్చేసరికి చేతుల చెల్లె చిట్టి ఉన్నది. ముందురోజు వచ్చిందట, అప్పుడే ఇప్పిండు. సదువుకొని అంగీ ఇడిసి దండెం మీద ఏసిండు. పోవద్దంటాంది అక్కా, అన్నడు. గంతే."

నేను ఎంత కోపంగా ఉన్నానో ఆయనకు నువ్వు చెప్పావు. ఆయన వస్తే నేను కోపంగానే వెళ్ళేదాన్ని, సావిత్రీ. కాజీపేట దాకా తిట్టుకుంటూ వెళ్ళి, ఇంటికి చేరి అన్నం వండేదాన్ని. నా కోపం చల్లారాలని నిన్నెవరు అడిగారు?

సౌలభ్యం కోసం వదిలేశామని రాశావే, ఆ వదిలేసింది నన్ను. నాకు ఇక ఉత్తరాలు రాయకు.

సరస్వతి


బెంగుళూరు,
10 సెప్టెంబరు 1981

వదినకు,

రాయొద్దన్నావు. ఏడాది దాటేదాకా రాయలేదు. ఇది చింపేసినా సరే, చింపేముందు చదువు.

నడుమ ఏముందని నువ్వు అడిగిన ప్రశ్నే మా ప్రొఫెసర్ కూడా అడిగారు, నీకన్నా ఏడాది ఆలస్యంగా. వాయువును కలపకపోతే ఈ పని సగమేనని అన్నారు. మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత కూర్చొని మళ్ళీ మొదటి నుంచి చేశాను. కంప్యూటర్ చదివేలా లెక్కంతా కార్డుల మీద చిల్లులుగా గుచ్చి, వాటిని వరుస తప్పకుండా పెట్టెల్లో పెట్టి, వారానికి రెండు గంటల చొప్పున పద్నాలుగు నెలలు పట్టింది.

ఏం తేలిందో చెబుతాను. నక్షత్రాలు నేను చెప్పినట్టే దాటిపోతాయి. వాయువు దాటలేదు. అది ఖాళీలో అంతటా పరుచుకొని ఉంటుంది కాబట్టి ఈ వైపుదీ ఆ వైపుదీ ఎదురెదురుగా తగిలి ఆగిపోతుంది, వేడెక్కుతుంది. కొంత తోక వెంట బయటికి పోయి, అందులో చాలావరకు తిరిగి రాదు. మిగిలింది తన తిరుగుడు పోగొట్టుకొని నడిబొడ్డుకు జారుతుంది, అక్కడ ఒత్తుకొని ఒత్తుకొని ఒక్కసారిగా అంటుకుంటుంది. కొత్త నక్షత్రాలు గుంపులుగా పుడతాయి. ఇంకోటి కూడా ఉంది. ఇదంతా రెండూ దగ్గరగా ఉన్నప్పుడు పెద్దగా కనబడదు. అవి దాటిపోయి, ఒకదానికొకటి దూరమై, అంతా అయిపోయిందని అనుకున్నాకే బయటపడుతుంది. మొదటి బొమ్మలో నేను చూపించింది దెబ్బ తగలని వాటినే. దెబ్బ తగిలేదాన్ని ముందే తీసి పక్కన పెట్టేసి, ఎవరికీ దెబ్బ తగల్లేదని నీకు రాశాను.

వదినా, నాకు సిగ్గుగా ఉంది. ఆ సంగతి రాయలేకనే ఇంతసేపు ఆకాశం గురించి రాశాను. అన్న తొడుక్కున్న అంగీని నా ఉత్తరమే విప్పించింది. నువ్వు రాసింది చదివిన రోజు నేను భోజనానికి వెళ్ళలేదు. అన్నకు నాలుగు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికే జవాబు వచ్చింది. "అయిపోయినదాని గురించి రాయకు" అని ఉంది. ఇంకేమీ లేదు.

దసరాకు వస్తున్నాను. నువ్వు మొదటి ఉత్తరంలో అడిగింది ఇప్పుడు చేస్తాను, మీ నాన్న ఎదుట నిలబడతాను. ఎన్ని తిట్లైనా పడతాను. తర్వాత నిన్ను వెంటబెట్టుకొని బెల్లంపల్లి తీసుకెళ్ళి దింపుతాను. థీసిస్ రాయడం దాదాపు పూర్తయింది. కృతజ్ఞతల పేజీలో నీ పేరు రాశాను.

సావిత్రి


బెల్లంపల్లి,
25 అక్టోబరు 1981

సావిత్రికి,

నువ్వు దసరాకు వచ్చి మా నాన్న ఎదుట నిలబడ్డావని మల్లికార్జున్ అన్న రాశాడు. నాన్న తిట్టలేదట కదా. బస్తా మీద గోనెపట్టా పరిచి కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, "ఎండల పడి వచ్చినవ్ బిడ్డా" అన్నాడట. అది చదివి నాకు కడుపు మండింది. మూడేళ్ళ కింద నువ్వు ఆ మెట్లెక్కి ఉంటే అప్పుడు కూడా ఆ ముసలాయన ఆ చాయే తెప్పించేవాడేమో. గట్టిగా అరుస్తాడు గానీ ఎదుట నిలబడ్డ ఆడపిల్లను ఏమీ అనలేడు. ఆ సంగతి నీకు తెలియదు, ఇన్నేళ్ళు ఆ ఇంట్లో ఉండి నాకూ తెలియలేదు.

నేను అప్పటికే లేను. నీ ఉత్తరం అందిన మూడో రోజు బయలుదేరాను. నువ్వొచ్చి విడిపించి తీసుకెళ్ళి దింపితే, జన్మంతా అది మోయాలి. అది నాకు వద్దనిపించింది. దుకాణంలోకి పోయి "పోతాన్న నాయనా" అన్నాను. ఆయన తక్కెడ పట్టుకొని ఉన్నాడు. తలెత్తలేదు, పోవద్దని కూడా అనలేదు. ఆ తలుపు నాకు తెరిచి ఉందో మూసి ఉందో ఇంకా తెలియదు.

వరంగల్ నుంచి కాజీపేట పదిహేను నిమిషాలు పట్టింది. మూడేళ్ళు మనం కొట్లాడింది ఈ పదిహేను నిమిషాల గురించి. సమ్మమ్మ నా పెట్టె, కుట్టుమిషను తన మంచం కింద దాచి ఉంచింది. పెట్టె తీసుకొని బండి మారాను. ఇక్కడ దిగి షెడ్డు దగ్గరికి వెళితే మీ అన్న నూనె చేతులతో బయటికొచ్చాడు. చెంపలు నెరిశాయి. "ఎప్పుడొచ్చినవ్?" అన్నాడు. ఇప్పుడే అన్నాను. "తిన్నవా?" అన్నాడు. లేదన్నాను. తాళంచెవి నా చేతికిచ్చి మళ్ళీ లోపలికి పోయాడు.

మేం మునుపటి మనుషులం కాదు. ఒక్క గదిలో ఇద్దరం ఒకరికొకరం తగలకుండా నడుస్తున్నాం. ఆయన ఆ అంగీ సంగతి చెప్పలేదు, నేను అడగలేదు. రెండేళ్ళు హోటల్లో తిన్నాడు కాబట్టి పొయ్యిలో పిచ్చుక గూడు పెట్టింది. అది తీసి, తడి బొగ్గు ఎండబెట్టి అంటించేసరికి ఒక పూట పట్టింది. వండాను. తిన్నాడు. కంచం తనే కడిగి బోర్లించాడు. కొత్త నక్షత్రాలు పుడతాయని నువ్వు రాశావు. నన్ను ఓదార్చడానికి రాసి ఉంటావు. అంటుకోవడం మంచిదో కాదో కాలే దాన్ని అడగాలి, లెక్క కట్టే వాళ్ళను కాదు.

మొదటి ఉత్తరంలో నీకు ఆశీర్వాదాలు రాయలేదు. ఇప్పుడు కూడా రాయడం లేదు. నీ పుస్తకంలో నా పేరు తీసెయ్. నాకు నీ కృతజ్ఞత అక్కర్లేదు. ఒక్కటి మాత్రం సరిచెయ్యి. మొదట ఎలా చేశావో చెప్పేచోట "సౌలభ్యం కోసం వాయువును వదిలేశాం" అన్న వాక్యం మళ్ళీ వస్తుంది కదా. అక్కడ, ఎవరి సౌలభ్యం కోసమో రాయి.

సరస్వతి